బ్రాంచీ బాబాయిగారు

బాబాయిగారు ఇంజనీరింగ్ చదవలేదు. పాలిటెక్నిక్ గుమ్మం తొక్కలేదు. ఇరిగేషన్ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, సూపరింటెండెంటు కాకుండానే రిటైరయ్యారు. అయినా ఎంసెట్ ర్యాంకులొచ్చాయంటే ఆయన అరుగు కింద చెప్పులు విడవడానికి చోటుండదు. ఏ పిల్లాడు ఏ బ్రాంచిలో చేరాలి, ఏ పిల్ల వెబ్ ఆప్షన్లలో ఏ కాలేజీ ముందు పెట్టాలి, అంతా ఆయన నోటి మీదుగా జరగాల్సిందే. 2021లో ప్రభుత్వం ఆ పరీక్షకి ఈఏపీసెట్ అని పేరు మార్చింది గానీ, ఆయన ఇంతవరకూ ఆమోదించలేదు.

ఇలాంటివాళ్ళు డెల్టాలో ఊరికొకరైనా ఉంటారు. మా బాబాయిగారి ప్రత్యేకత మాంద్యం. మామూలు రోజుల్లో ఆయన్ని సలహా అడుగుతారు, మాంద్యమొస్తే బతిమాలతారు. అమెరికాలో ఎవడి ఉద్యోగమో ఊడిందని పేపర్లో పడిన పొద్దున ఆయన మామూలు కంటే ముందే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చుంటారు.

ఆయన దగ్గరొక లాంగ్‌బుక్కుంది. నిరుడు ఏ కాలేజీలో ఏ బ్రాంచికి ఆఖరి ర్యాంకు ఎంత దగ్గర ఆగిందో, ఓసీ బాలురు, బీసీ-డి బాలికలు అని గళ్ళు గీసి, ఎర్ర సిరాతో రాసుంటుంది. ఇరిగేషన్ లెడ్జర్లు రాసిన చెయ్యి కాబట్టి అంకెలు ముత్యాల్లా ఉంటాయి. తల్లిదండ్రులు ఆ అంకెల అందం చూసే సగం నమ్మేస్తారు. అన్నిట్లోనూ నిరుటి లెక్కే ఉంటుంది, రేపటి గడి ఒక్కటీ లేదు. అది అడిగినవాళ్ళూ లేరు.

ఆయన చరిత్ర కొంత చెప్పాలి. 1999లో వైటూకే గొడవొచ్చింది. కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయనీ, కోబాల్ వచ్చినవాణ్ణి అమెరికా ఎత్తుకుపోతుందనీ చెప్పి ఇద్దరు మేనల్లుళ్ళని అమీర్‌పేట తోలారు. వాళ్ళు కోర్సు ముగించేసరికి 2000 వచ్చేసింది, కంప్యూటర్లు నిక్షేపంలా పనిచేస్తున్నాయి. 2001లో డాట్‌కామ్ కంపెనీలు కూలాయి. "ఐటీ పని అయిపోయిందర్రా, మెకానికల్‌కి తిరుగులేదు" అన్నారు. అలా చేరినవాళ్ళు 2005లో పట్టా పుచ్చుకుని బయటికొచ్చారు. అప్పటికి సాఫ్ట్‌వేర్ కంపెనీలు బ్రాంచి కూడా అడక్కుండా కుర్రాళ్ళని తీసేసుకుంటున్నాయి. మెకానికల్ వాళ్ళంతా జావా నేర్చుకుని ఐటీలోకే వెళ్ళిపోయారు. "చూశారా! నా మాట విన్నవాళ్ళంతా సెటిలైపోయారు" అన్నారు బాబాయిగారు. అందులో అబద్ధం లేదు, అదే మా ఖర్మ.

ఆ ఊపులో 2005లో చేరే బ్యాచికి కంప్యూటర్స్ రాసిచ్చారు. 2008 సెప్టెంబరు 15న లేమాన్ బ్రదర్స్ దివాలా తీసింది. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు తప్పొప్పుకున్న ఉత్తరం బయటపడింది. పిల్లలు ఆఫర్ లెటరు పట్టుకుని, చేరే తేదీ కోసం మెయిలు చూసుకుంటూ కూర్చున్నారు. వెంటనే ఆయన సివిల్‌కి మారారు. కాలవలు, రోడ్లు, ఫ్లైఓవర్లు, దేశమంతా కాంక్రీటేనన్నారు. 2009లో సివిల్లో చేరినవాళ్ళు 2013లో బయటికొచ్చేసరికి కాంట్రాక్టు కంపెనీలు అప్పుల్లో ఉన్నాయి, రాష్ట్రం విభజనలో ఉంది.

నిరుడు మిర్చికి రేటొచ్చిందని ఈ ఏడు ఊరంతా మిర్చి వేస్తే గుంటూరు యార్డులో ఏమవుతుందో బాబాయిగారికి బాగా తెలుసు. ఆ సంగతి మీద గంటసేపు మాట్లాడగలరు. బీటెక్ కూడా నాలుగేళ్ళ పంటేనని మాత్రం తోచలేదు. హార్వర్డ్‌లో రిచర్డ్ ఫ్రీమన్ అనే ఆర్థికవేత్త 1976లోనే అమెరికా ఇంజనీర్ల మీద ఈ లెక్క వేశాడు. జీతాలు బాగున్న ఏడాది అందరూ చేరతారు, నాలుగేళ్ళకి అందరూ ఒకేసారి బయటికొచ్చి జీతాలు పడగొట్టుకుంటారు, అది చూసి తరవాతివాళ్ళు చేరడం మానేస్తారు, మళ్ళీ కొరత. ఈ మాట బాబాయిగారి చెవిన వేశాను. "ఆయన కౌన్సెలింగుకి ఎప్పుడైనా వచ్చాడా?" అన్నారు.

2022 నవంబరులో మెటా పదకొండు వేలమందిని, 2023 జనవరిలో గూగుల్ పన్నెండు వేలమందిని తీసేశామని చెప్పాయి. బాబాయిగారు కోర్ బ్రాంచిలకి తిరిగొచ్చారు. ఈసారి ఆయన చెప్పింది నిజంగా ఆలోచించదగ్గ మాటే, కానీ చేరదామంటే సీట్లేవీ? కాలేజీలు అప్పటికే సివిల్, మెకానికల్ సెక్షన్లు తగ్గించుకుని కంప్యూటర్స్ పెంచుకున్నాయి. దాని పక్కన ఏఐ అనీ, డేటా సైన్సనీ, సైబర్ సెక్యూరిటీ అనీ తోకలు తగిలించాయి. ఒక్కో బ్రాంచికి ఇన్నే సీట్లన్న గరిష్ఠ పరిమితిని కూడా ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. ఊరి మీద బాబాయిగారి పట్టు ఎంతున్నా యాజమాన్యాల మీద లేదు.

ఈయన పేరు పైకి కూడా పాకింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం యాభై శాతానికి తీసుకెళ్ళాక రొయ్య రైతులు చెరువు గట్ల మీద తలలు పట్టుకుని కూర్చున్నారు. అప్పుడే జిల్లాలో పిల్లలకి ఏ కోర్సులు పెట్టాలో తేల్చే మీటింగొకటి జరిగింది. ఊరి పెద్దగా ఆయన, ఆయన సంచీ మోసేవాడిగా నేను వెళ్ళాం. గోడ మీద స్లైడు, బల్ల మీద సమోసా. ఒక రైసుమిల్లాయన లేచి, "మాకు బాయిలరు చూసే మనిషి కావాలండి. లైసెన్సున్నోడు దొరకట్లేదు" అన్నాడు. చెరువులాయన, "ఏరేటర్ల మోటారు కాలిపోతే రివైండింగ్ చేసేవోడి ఇంటి ముందు క్యూ కట్టాలండి. ఆడొచ్చేలోపు రొయ్య తేలిపోద్ది" అన్నాడు. స్లైడులేస్తున్న కుర్రాఫీసరు ల్యాప్‌టాప్‌లో వెతికి, "ఆ రెండూ పోర్టల్లో మనకి కనబడట్లేదండీ. డేటా ఎంట్రీ ఉంది, కుట్టుమిషను ఉంది, బ్యూటీషియన్ ఉంది" అన్నాడు. పాపం, అతని చేతిలో టార్గెట్ ఉంది గానీ ఊళ్ళో మోటార్లెన్నో ఎవరూ లెక్కపెట్టి ఇవ్వలేదు. అప్పుడు బాబాయిగారిని మాట్లాడమన్నారు. ఆయన లేచి గొంతు సవరించుకుని డ్రోన్ల భవిష్యత్తు గురించి ఇరవై నిమిషాలు చెప్పారు. చప్పట్లు కూడా కొట్టారు. నేనూ కొట్టాను, సమోసా ఆయన వాటాది కూడా నేనే తిన్నాను కాబట్టి.

మొన్న వేసవిలో ఆయన ఏసీ మొరాయించింది. మెకానిక్కుకి సోమవారం ఫోను చేస్తే గురువారం వచ్చాడు. నలభైకి దగ్గరపడినవాడు. డాబా మీద అవుట్‌డోర్ యూనిట్ మూత విప్పి, రాగి గొట్టాల కీళ్ళకి సబ్బు నురుగు రాసి ఊరుకున్నాడు. కాసేపటికి ఒక నట్టు దగ్గర చిన్న బుడగ లేచింది, పగిలింది, మళ్ళీ లేచింది. "ఇదిగోండి, ఇక్కడ పోతంది గ్యాసు" అన్నాడు. బిగించి, వాక్యూమ్ పట్టి, మీటరు చూస్తూ గ్యాసు నింపాడు. రోజుకి ఏడెనిమిది ఇళ్ళు, వేసవంతా తీరిక లేదట. కింద ఇద్దరు కుర్రాళ్ళని పెట్టుకున్నాడట.

బాబాయిగారి కళ్ళు మెరిశాయి. ఏసీ ట్రేడు ఐటీఐలో రెండేళ్ళే కదా అని అడిగి, "ఈ ఏడు వచ్చిన ప్రతివాడికీ ఇదే చెప్తా" అన్నారు.

మెకానిక్కు చేతిలో స్పానరాగిపోయింది. "అమ్మో, ఊరందరికీ చెప్పేయకండి బాబాయిగారూ! నాలుగేళ్ళలో సందుకి పదిమందిమై కూర్చుంటామండి. అయినా నన్ను ఇందులో పడేసింది మీరే కదండీ. 2001లో టెన్త్ లెక్కలు పోయి సప్లిమెంటరీలో గట్టెక్కితే, మా నాన్నతో మీరేగా అన్నారు, వీడికి బ్రాంచీ లేదు, బండీ లేదు, ఐటీఐలో పడెయ్యమని. ఆ చేతి చలవేనండి ఇదంతా."

బాబాయిగారికి ఆ సంగతి గుర్తు లేదు. ఉన్నట్టే తలూపారు.

అతను సామాను సర్దుకుంటూ కాస్త సిగ్గుపడి, "మా పెద్దదానికి ముప్పై ఒక వేల ర్యాంకొచ్చిందండి. ఏం వేయమంటారు?" అన్నాడు. నీ ట్రేడే నేర్పించొచ్చుగా, నీకే చేతినిండా పని ఉందిగా అని నేను నోరు జారాను. అతను నాకేసి జాలిగా చూశాడు. "మే నెల ఎండలో రేకుల మీద కూర్చుని చూశారాండి ఎప్పుడైనా? పెళ్ళిచూపులికెళ్తే ఏసీ బాగుచేస్తానంటే మా అత్తగారు మజ్జిగ కూడా ఇవ్వలేదండి. ఈ బాధ నాతో పోవాలండి."

బాబాయిగారు అప్పటికే లాంగ్‌బుక్కులో వేలు పెట్టి గళ్ళు వెతుకుతున్నారు. అరగంట పట్టింది. కంప్యూటర్స్ విత్ ఏఐ, పక్క జిల్లా కాలేజీ, మొదటి ఆప్షన్. మెకానిక్కు దండం పెట్టి, బిల్లులో మూడొందలు కొట్టేసి వెళ్ళిపోయాడు. కన్సల్టెన్సీ ఫీజు అందుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలని బాబాయిగారు ఇప్పటికీ అందరికీ చెప్తున్నారు.