బరి ఉంది, పోటీ ఏదీ?

1992 నాటి వీడియో గేమ్ ‘మోర్టల్ కోంబాట్’లో ఉన్నదల్లా ఒకటే: పోటీ. ఇద్దరు బరిలోకి దిగాలి, ఒకడే మిగలాలి. దాని ఆధారంగా 2021లో వచ్చిన సినిమాలో అన్నీ ఉన్నాయి, ఆ పోటీ ఒక్కటే లేదు! రెండో భాగానికి దాచుకున్నారు.

తొలి ఘట్టానికి మాత్రం దండం పెట్టాల్సిందే. పాతకాలపు జపాన్‌లో, తోటపని పనిముట్టుకు తాడు కట్టి హిరోయుకి సనాదా తిప్పుతుంటే కన్ను ఆర్పబుద్ధి కాదు. చివరి పోరులో జో తస్లిమ్, ఎదుటివాడి నెత్తుటినే గడ్డకట్టించి, బాకు చేసి, మళ్లీ వాడినే పొడుస్తాడు. ఎంత పొదుపరి!

ఇలాంటి ఉద్దండుల్ని పక్కన కూర్చోబెట్టి, హీరోగా గేమ్‌లో లేని కోల్ యంగ్ అనే కొత్తవాణ్ణి దించారు. గేమ్ ఆడినవాళ్లకు ఇతనెవరో తెలీదు, ఆడనివాళ్లకు మిగతావాళ్లెవరో తెలీదు. సమన్యాయం! ఇతగాడి శక్తి ఓ కవచం. దెబ్బలు తినేకొద్దీ బలం పుంజుకుంటుంది. టికెట్‌తోపాటు మనకూ ఒకటి ఇవ్వాల్సింది. కానో అనే పాత్ర వెటకారమే లేకపోతే నడిమి గంట గడిచేది కాదు.

చివర్లో హీరోగారు ఓ సినిమా నటుణ్ణి వెతుక్కుంటూ హాలీవుడ్‌కి బయల్దేరతాడు. షూటింగ్‌కి ముందే వెళ్లాల్సింది!