షడ్బకారీయం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం 2022-23లో వచ్చింది. ఖమ్మం, భద్రాచలం అడవి అంచున మాత్రం బడి మెట్టెక్కని వాళ్లకు సైతం అంతకు ఎంతో ముందే ఆరు ఇంగ్లీషు మాటలు కంఠోపాఠం. ఆరూ ‘బి’తో మొదలవుతాయి. ఆరింటికీ ఇంగ్లీషులో నాలుగేసి అక్షరాలు. ఇంతటి శబ్దసంపదకు ఇన్నాళ్లూ వ్యాఖ్యానం రాకపోవడం పండితుల అలసత్వం తప్ప మరోటి కాదు. మూలం లేనిదే టీక నిలవదు గనుక మూలాన్ని కూడా టీకాకారుడే అల్లుకున్నాడు.

బీటు బోటు బండు బెల్టు బాండు బెయిలు
నాల్గు లిపుల మీద నడచు మాట
యేరు దాటి వచ్చి యిల్లు కట్టె నిచట
అడవి యంచు వారి కదియె చదువు

ఛందస్సు ఆటవెలది. మొదటి పాదంలో బీకి బె యతి. అన్నీ బకారాలే కావడంతో కవి అచ్చు ఒక్కటి చూసుకుంటే సరిపోయింది.

ప్రతిపదార్థం:

బీటు = అటవీ శాఖవారి భూగోళంలో అతి చిన్న ఖండం. కొన్ని బీట్లు కలిస్తే సెక్షను, సెక్షన్లు కలిస్తే రేంజి, ఆ పైన డివిజను. ‘కొట్టుట’ అని నిఘంటువు చెప్పే అర్థం ఇక్కడ పనికొస్తుందా అన్నది వివాదాంశం. పోడు కొట్టేది రైతు, కేసు కొట్టేది శాఖ. కనుక అర్థం ఉభయత్రా చెల్లుతుందని మా పక్షం. బీటాఫీసరు బండి చప్పుడు వినగానే అరక విప్పి ఎడ్లను తోలుకుపోయేవాడికి ఈ పదం నిఘంటువు లేకుండానే బోధపడుతుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న పోడుకే హక్కు. చెట్టు మొదలు చూసి కొట్టిన తేదీ చెప్పగల విద్వాంసుడు ఇంకా పుట్టలేదు. అందుకే ఊరి పెద్దల వాంగ్మూలాన్ని కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని నిబంధనల్లో రాశారు. వ్యాఖ్యాతలకు అంతటి గౌరవం దక్కిన సందర్భం సాహిత్యంలో మరొకటి లేదు.

బోటు = పడవ. 1965లో వంతెన తెరిచేదాకా కుడి గట్టువారికి రాముడి దర్శనం దీని దయ. ఇప్పుడది పాపికొండల విహారానికి. భద్రాచలంలో దిగిన యాత్రికుడు బోటెక్కాలంటే ముందు రాష్ట్రం దాటి పోచవరం చేరాలి, 2014లో ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి గనుక.

బండు = కరకట్ట. గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3. ఏరు పొంగినప్పుడు స్లూయిస్ తలుపులు దించుతారు. అప్పుడు ఊళ్లో కురిసిన వాన బయటికి పోలేక గుడి చుట్టుపక్కల వీధుల్లోనే నిలుస్తుంది. దాన్ని మోటార్లతో తోడి పోయాలి. బండు బయటి నీళ్లను ఆపుతుందన్నది వాచ్యం, లోపలి నీళ్లను కూడా ఆపుతుందన్నది వ్యంగ్యం.

ఇక్కడ ఒక పూర్వపక్షం. ‘బండు అసలు ఫారసీ మాట, ఇంగ్లీషులోకి వలస పోయి తిరిగొచ్చింది. దాన్ని చేర్చుకున్నప్పుడు బీడీ ఏం పాపం చేసింది? ఎండాకాలం అడవి అంచున ఇంటిల్లిపాదీ తునికాకు కోసి, ఆకు మీద ఆకు పేర్చి, యాభై ఆకులకొక కట్ట కట్టి, కల్లంలో పరిచి, కల్లేదారు లెక్కకు ఎదురుచూస్తారే!’ అని. న్యాయమైన ప్రశ్నే. కాని బీడీని ఇంగ్లీషులో నాలుగక్షరాలతో రాసేవారూ ఉన్నారు, ఐదుతో రాసేవారూ ఉన్నారు. కొలత నిలవనిదాన్ని పద్యంలోకి రానివ్వడం కుదరదు. కల్లేదారు కూడా యాభైకి తగ్గిన కట్టను పక్కకు నెడతాడు.

బెల్టు = నడుముకు కట్టేది. ఇక్కడ ఊరికి కట్టారు. లైసెన్సు లేని మందు దుకాణం. వివరణ అనవసరం, చిరునామా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

బాండు = చెల్లని రాతను చెల్లినట్టు చూపే కాగితం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించినప్పటి నుంచి ఏజెన్సీలో గిరిజనేతరుడు ఎవరి దగ్గరా భూమి కొనడానికి లేదు, అమ్మేవాడూ గిరిజనేతరుడే అయినా సరే. జనం నోట ఇది ‘వన్ ఆఫ్ సెవెంటీ’. రిజిస్ట్రేషను కాదు గనుక బాండు పేపరు మీద రాసుకుంటారు. కొన్నవాడు సంతకం పెడతాడు, అమ్మినవాడు వేలిముద్ర వేస్తాడు, సాక్షులిద్దరు టీ తాగుతారు. ఇంగ్లీషులో ఈ మాటకు బంధం, కట్టుబాటు అని అర్థాలు. చట్టం దృష్టిలో ఇక్కడ ఎవరూ దేనికీ కట్టుబడి లేరు. ఇది విరోధాభాసాలంకారం.

బెయిలు = విడుదల. పోడు కేసులో పట్టుబడ్డవాడికి జామీనుదారులు కావాలి, వాళ్ల పేర ఆస్తి కాగితాలుండాలి. పట్టా లేకనే కేసులో పడ్డవాడు పట్టా ఉన్నవాణ్ణి వెతుక్కోవాలన్నమాట. ‘బిల్లు’ అని ఒక పాఠాంతరం. దాన్ని సమర్థించేవారు కంచర్ల గోపన్నను ఉదాహరిస్తారు: రామలక్ష్మణులు గోల్కొండకు వచ్చి తానీషాకు ఆరు లక్షలూ చెల్లించి విడిపించారని కదా కథ, అది బెయిలెలా అవుతుంది, బిల్లు కట్టడమే అని. వాదం బలమైనదే. కాని ‘డు బిల్లు’ అంటే జగణం పడి ఛందస్సు చెడుతుంది. భక్తి కన్నా గణం ముఖ్యం గనుక ‘బెయిలు’ పాఠాన్నే గ్రహించాం.

యేరు దాటి వచ్చి = గోదావరి దాటి. ఏ గట్టు నుంచి ఏ గట్టుకు? 1860లో నిజాం ఎడమ గట్టును ఇంగ్లీషువారికి అప్పగించాడు. భద్రాచలం ఆ తర్వాత మద్రాసు పాలనలోకి వెళ్లింది, ఖమ్మం వైపు నిజాం చేతిలోనే ఉంది. అక్కడ ఫారెస్టు, ఇక్కడ జంగ్లాతు. అక్కడ బెయిలు, ఇక్కడ జామీను. అడవి ఒకటే, కేసు ఒకటే, తిట్టిన భాషలే రెండు. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది, 1967 అటవీ చట్టంతో రెండు గట్ల చట్టాలూ ఒకటయ్యాయి. ఇంగ్లీషు మాట అలా ఏరు దాటింది.

అదియె చదువు = ఏవకారం గమనార్హం. వేరే చదువు లేదని కాదు, ఉన్నదాంట్లో ఇవి లేవని.

తాత్పర్యం: నాలుగక్షరాల ఈ ఆరు మాటల్లో ఏ ఒక్కటీ ఊరికే రాలేదు. భూమో, కూలి డబ్బో, కోర్టు తిరుగుళ్లో చెల్లించాకే నోటికి పట్టింది. అందుకే ఎవరికీ అర్థంలో పొరపాటు రాదు, స్పెల్లింగు రాకపోయినా.

ఆశ్రమ పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పే పంతుళ్లకు ఒక మనవి. ‘బి’ దగ్గర బ్యాటూ బాలూ అయ్యాక బాండు కూడా రాయించండి. రాయించి, ఏజెన్సీ భూమికి ఆ కాగితం చెల్లదని కూడా అప్పుడే చెప్పండి.