అంటుకుపోవడమే నా జాతకం

నేను కార్బన్ నానోట్యూబ్‌ని. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో, వెయ్యి డిగ్రీల కొలిమిలో పుట్టాను. కార్బన్ మోనాక్సైడ్ గ్యాసు ఓ చిన్న ఇనుప రేణువును తాకితే, ఆ రేణువు మీంచి గొట్టంలా మొలిచాను. లావు నానోమీటరు, పొడవు దానికి వందల రెట్లు. పుట్టీ పుట్టగానే పక్కవాళ్ళకి అతుక్కుపోయాను.

ఎవరూ జిగురు రాయలేదు. మా ఒంట్లో ఎలక్ట్రాన్లు కుదురుగా ఉండవు, అంతే. నావి క్షణకాలం ఒక పక్కకు ఒరిగితే పక్కవాడివి వాటికి తగ్గట్టు సర్దుకుంటాయి. ఆకర్షణ ఆ సర్దుబాటులోంచే పుడుతుంది. వాయువుల్లో ఇలాంటి ఆకర్షణ ఉంటుందని 1873లో డచ్చి శాస్త్రవేత్త వాండర్ వాల్స్ తన థీసిస్‌లో లెక్క కట్టాడు. అదెలా పుడుతుందో 1930లో ఫ్రిట్జ్ లండన్ తేల్చాడు. పేరు మాత్రం పెద్దాయనదే నిలిచింది.

రెండు పరమాణువుల మధ్య ఇది బొత్తిగా బలహీనం. దూరం రెట్టింపైతే పట్టు అరవై నాలుగో వంతుకు పడిపోతుంది. కానీ మేం పోగులం. పక్కపక్కనే పడుకుంటే ఒళ్ళంతా తగులుతుంది, ప్రతి నానోమీటరుకీ దాదాపు అర ఎలక్ట్రాన్‌వోల్టు చొప్పున పట్టు పెరుగుతుంది. మైక్రోమీటరు పొడవుకి ఐదు వందలు! గది వేడి ఇచ్చే కుదుపు అందులో ఇరవై వేలో వంతు. ఇక విడిపోయేదెక్కడ?

2002లో విడదీశారు. షాంపూలో నురగ తెప్పించే సోడియం డోడెసిల్ సల్ఫేట్ కలిపిన నీళ్ళలో వేసి అల్ట్రాసౌండుతో కుదిపారు. విచ్చిన సందులోకి సబ్బు అణువులు దూరి నన్ను చుట్టేశాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కట్టలు అడుక్కి దిగాయి, ఒంటరివాళ్ళం పైన మిగిలాం. అప్పుడు మా మీద వెలుగు పడితే మాలోంచి పరారుణ కాంతి వెలువడింది. కట్టలో ఉన్నన్నాళ్ళూ లోహ గుణమున్న పక్కవాళ్ళు దాన్ని మింగేసేవాళ్ళు మరి.

ఉక్కుకంటే ఎన్నో రెట్లు గట్టివాణ్ణని నన్ను పొగుడుతారు. నిజమే, నా ఒక్కడి వరకూ. మమ్మల్ని పేని దారం తీస్తే వేరే కథ. పక్కకు లాగితే ఊడి రాను గానీ, పొడవునా లాగితే కట్టు వదులైన చీపురులోంచి పుల్లలా జారిపోతాను. జారుతున్నా పక్కవాడి ఒళ్ళు తగులుతూనే ఉంటుంది, ఆకర్షణకు అడ్డుచెప్పే పని ఉండదు. అందుకే దారం బలం నా బలంలో కొద్ది పాలే. నాతో అంతరిక్షానికి లిఫ్టు వేస్తారన్న వార్త ఈసారి కంటబడితే, ఆ జారుడుకి ఏం మందు కనిపెట్టారో ముందు అడగండి.