కోఫాక్స్ నిలబడిన దిబ్బను నేను

నేను మట్టి దిబ్బను. 1962లో లాస్ ఏంజెలెస్‌లో డాడ్జర్ స్టేడియం తెరిచినప్పటి నుంచి మైదానంలోనే ఉన్నాను. క్రికెట్ బౌలర్ పరుగెత్తుకొచ్చి బంతి వేస్తాడు. బేస్‌బాల్ పిచర్‌కు పరుగు లేదు. నాలో పాతిన రబ్బరు పలకకు కాలు ఆనించి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న బ్యాటర్ మీదికి విసరాలి. ఆ రోజుల్లో నా ఎత్తు 15 అంగుళాలు.

ఎందరి కాళ్లో నన్ను తవ్వాయి గానీ, నేను చెప్పుకోవాల్సింది శాండీ కోఫాక్స్ గురించే. బ్రూక్లిన్‌లో పుట్టిన యూదుల బిడ్డ. 1955లో, 19 ఏళ్ల వయసులో డాడ్జర్స్ జట్టు తరఫున ఆడటం మొదలుపెట్టాడు. బంతిలో వేగం ఉండేది, అదుపు ఉండేది కాదు. ఆరేళ్లు అలాగే గడిచాయి. 1961లో, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ నార్మ్ షెర్రీ అంత బలం పెట్టొద్దని చెప్పాక ఆ ఎడమచేయి మాట వినడం నేర్చుకుంది. నా దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఎదురు లేదు.

ఏడాదికొకటి చొప్పున వరుసగా నాలుగేళ్లు ప్రత్యర్థికి ఒక్క హిట్టూ, అంటే బంతిని కొట్టి బేస్ చేరే అవకాశం ఒక్కటీ, ఇవ్వని ఆటలు ఆడాడు. ఒకటి ఫిలడెల్ఫియాలో, మిగతా మూడూ నా మీద. 1965 సెప్టెంబర్ 9 రాత్రి షికాగో కబ్స్ బ్యాటర్లలో ఒక్కడూ మొదటి బేస్ దాకా కూడా చేరలేదు. 27 అవుట్లలో 14 స్ట్రయికవుట్లే, అంటే బ్యాటర్ మూడు స్ట్రయిక్‌లతో వెనుదిరిగినవే. చివరి ఆరుగురినీ అలాగే పంపాడు. ఓడిన పిచర్ బాబ్ హెండ్లీ కూడా ఆ రాత్రి ఒకే ఒక్క హిట్ ఇచ్చాడు. ఆయన పేరు చెప్పకపోతే అన్యాయం.

మరుసటి నెలలో, ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ తొలి ఆట మినెసోటాలో. అక్టోబర్ 6, యూదులు ఉపవాసముండి ప్రార్థించే యోమ్ కిప్పూర్. కోఫాక్స్ ఆడనన్నాడు. జట్టులోని మరో పిచర్ డాన్ డ్రైస్‌డేల్ విసిరాడు, జట్టు ఓడింది. అయినా అమెరికాలోని యూదులు ఆ నిర్ణయాన్ని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. సిరీస్ ఏడో ఆటకు రెండు రోజుల విశ్రాంతితోనే దిగాడు. వంగి వెళ్లే కర్వ్ బంతి లొంగకపోతే దాదాపు ఫాస్ట్‌బాల్ ఒక్కదాన్నే నమ్ముకుని 2-0తో గెలిపించాడు. ఆ ఆట నా మీద జరగలేదే అన్న బాధ నాకింకా ఉంది.

అప్పటికే ఆయన ఎడమ మోచేతిని కీళ్లవాతం తినేస్తోంది. సూదిమందులు వేయించుకుంటూ, ఆట అయ్యాక చేతిని ఐసునీళ్లలో ముంచుకుంటూ 1966లో 27 ఆటలు గెలిచాడు. ఆ అక్టోబర్ 6న వరల్డ్ సిరీస్‌లో బాల్టిమోర్‌తో ఆట నా మీదే. ఒకే ఇన్నింగ్స్‌లో మావాళ్ల ఫీల్డింగ్‌లో మూడు తప్పులు జరిగాయి, ఓడిపోయాడు. అదే ఆఖరి ఆట అయింది. నవంబర్‌లో, 30 ఏళ్లకే సెలవు తీసుకున్నాడు. ఆట తర్వాత బతకాల్సిన ఏళ్లు చాలా ఉన్నాయని, ఆ ఏళ్లకు పనిచేసే చేయి కావాలని అన్నాడు. నాకు దుఃఖం కలిగింది, కానీ ఆయన చేసింది సబబే.

1969లో పిచర్ల జోరు తగ్గించడానికి నన్ను 10 అంగుళాలకు కుదించారు. 1972లో ఆయన 36 ఏళ్లకే బేస్‌బాల్ దిగ్గజాలను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అంత చిన్న వయసులో ఆ గౌరవం పొందిన ఆటగాడు మరొకడు లేడు. నా మీద మంచి పిచర్లు ఎందరో నిలబడ్డారు, ఇంకా నిలబడతారు. 1962 నుంచి 1966 దాకా ఆ ఐదేళ్ల కోఫాక్స్‌ను మించినవాడు మాత్రం రాలేదు.