అన్నీ డాక్టర్ల బండ్లే

తెలంగాణలో డాక్టర్లు ఎంతమంది ఉన్నారో తెలుసుకోవాలంటే ఏ ఆఫీసునూ అడగక్కర్లేదు. అమ్మకానికి పెట్టిన పాత కార్లను లెక్కపెట్టుకుంటే చాలు. చౌటుప్పల్ నుంచి పోచంపల్లి మీదుగా భువనగిరి దాకా, ఏ చెట్టుకింద 'ఫర్ సేల్' కాగితం అంటించిన కారు కనిపించినా అది డాక్టరు గారిదే. కాదంటే బడికి పోయి ఇంటికొచ్చే టీచరమ్మది. అదీ కాదంటే అమెరికాలో ఉన్న కొడుకు కొనిస్తే వాకిట్లో కవరు కప్పి కాపాడుకున్న రిటైర్డ్ తహసీల్దారుది. పెళ్ళిళ్ళకు కిరాయి తోలిన బండి, రోజూ ఉప్పల్ దాకా కొలువుకు పోయొచ్చిన బండి, వెనక సీటు మడిచి చీరల మూటలు మోసిన బండి మాత్రం అమ్మకానికి రావు. అవన్నీ తిరిగి తిరిగి గాలిలో కలిసిపోతాయి కాబోలు.

కిలోమీటర్లను నేను తప్పు పట్టను. తిరగడానికే గదా బండి. పోచంపల్లికీ హైదరాబాదుకూ మధ్య దూరం 50 కిలోమీటర్లకు అటూ ఇటూ. నూలుకూ, రంగులకూ, నేసిన చీరలు షాపుల్లో వేసి రావడానికీ వారానికి నాలుగుసార్లు పోయొచ్చే మనిషి కారు ఏడాదికి 20,000 తిరుగుతుంది. తొమ్మిదేళ్ళలో 1,80,000. ఆ కిలోమీటర్లమీదే ఇల్లు లేచింది, పిల్లల ఫీజులు కట్టారు. అందులో దాచుకోవాల్సిన సిగ్గేమీ లేదు. కానీ అమ్మకం రోజు వచ్చేసరికి అదే కారు 'ఎప్పుడన్న గుట్టకు పోయొచ్చుడే అన్నా, ఇంకెక్కడికి తియ్యలే' అయిపోతుంది. యాదగిరిగుట్ట నరసింహస్వామి దర్శనానికి మాత్రమే వాడిన కార్లన్నీ ఒక్కరోజు కొండెక్కితే కిందికి దిగడానికి దారుండదు.

ఇక రేటు కట్టే విద్య చూడండి. కొన్నప్పుడు ఆన్‌రోడ్ 8 లక్షల 20 వేలు అని మొదలవుతుంది. పోయినేడు నాలుగు టైర్లు, అంతకుముందు క్లచ్ ప్లేట్లు, సీటు కవర్లు, పాటల డబ్బా, వెనక అద్దం మీద కొడుకు పేరు. ఫైనాన్సుకు కట్టిన వడ్డీ పైకి అనడు గానీ లోపల కలుపుకునే ఉంటాడు. నంబరు కూడితే తొమ్మిదొస్తుంది, దానికో 20,000. 'ఈ బండి ఇంట్ల అడుగు పెట్టినంకనే మాకు ప్లాటు సెట్టయింది' కాబట్టి కలిసొచ్చినందుకు ఇంకో 20,000. అంత కలిసొచ్చినదాన్ని వదులుకోవడమెందుకని అడిగితే మొహం చిట్లిస్తాడు. చివరికి పెద్ద మనసు చేసుకుని అంటాడు: 'నష్టమైనా సరే, నీ మొహం చూసి 5 లక్షలకిస్తున్న.'

అంటే తొమ్మిదేళ్ళు ఏసీ వేసుకుని తిరిగింది ఆయన, ఆ తిరుగుళ్ళ ఖర్చు కట్టాల్సింది మనం. టైర్లు కొత్తవైతే బండి రేటు పెరగదు. తగ్గాల్సింది తగ్గకుండా ఆగుతుంది, అంతే. ఈ చిన్న తేడా చెప్పబోతే 'నీకు కొనే ముఖం లేద'ని లేచిపోతాడు. పోయిన నెల ఇదే పెద్దమనిషి ట్రాక్టరు కొనడానికి పోయి, పెయింటు వెలిసిందని 10,000, హారన్ బొంగురుపోయిందని 2,000 తెగ్గోసి వచ్చాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు గానీ, ఒకే మనిషి పొద్దున అడవి, సాయంత్రం కొరివి కావడం సెకండ్ హ్యాండ్ బేరంలోనే సాధ్యం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి మారు బేరం లేకుండా 100 ఎకరాలిచ్చిన ఊరండీ పోచంపల్లి. ఆ ఊళ్ళోనే ఇవాళ ఒక కారు మీద 5,000 తగ్గించడానికి వారం రోజుల పంచాయితీ.

పోచంపల్లి మీద నాకు కోపం ఎక్కువ ఉండటానికి వేరే కారణముంది. నకిలీని పట్టే కళ ఈ ఊరికి పుట్టుకతో వచ్చింది. సైకిల్ ట్యూబు రబ్బరుతో నూలును ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ ముడులు కట్టి చేసే చిటికి పనికి 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిల్లులో అచ్చు కొట్టిన గుడ్డను 'పోచంపల్లి' అని అమ్ముతుంటే ఇక్కడి నేతన్న కడుపు మండి ఎన్నిసార్లు ధర్నాకు దిగలేదు! ఏ దుకాణంలోకి పోయినా మొదట నేర్పే పాఠం ఒకటే: చీరను తిరగేసి చూడండమ్మా. రంగు పోగులోనే ఉంది కాబట్టి ముందూ వెనకా ఒకేలా ఉంటే అసలు; వెనక వెలవెలబోతే అచ్చు. పోగు పోగుకూ సాక్ష్యం అడిగే ఆ మనిషే, కారు దగ్గరికొచ్చేసరికి స్టీరింగు వెనక వెలిగే అంకెను వేదవాక్కులా చదువుతాడు. తిరగేసి చూడాలన్న సోయి ఉండదు. అమ్మేవాడైతే ఏకంగా ఆ అంకెకే రంగు అద్దిస్తాడు.

అంబాసిడర్ల కాలంలో కనీసం శ్రమ ఉండేది. కేబుల్ ఊడదీసి తోలాలి. ఇప్పుడు స్టీరింగు కింది సాకెట్లో తీగ గుచ్చి, ల్యాప్‌టాప్‌లో కావలసిన అంకె కొడితే టీ చల్లారేలోపు లక్ష కిలోమీటర్లు మాయం. మంత్రగాళ్ళకు కూడా ఇంత మహిమ లేదు.

ఆ మధ్య తెలిసినవాళ్ళు 'జర చూడన్నా' అంటే తోడు పోయాను. పోచంపల్లి చెరువు పక్కన తెల్లటి డీజిల్ కారు, పాలిష్ కొట్టించి అద్దంలా పెట్టారు. మీటరు చూస్తే 68 వేల చిల్లర. డ్రైవరు తలుపు తీశాను. బ్రేకు పెడల్ రబ్బరు అరిగి అరిగి గీతలన్నీ పోయి, కుడి మూల ఇనుము కనిపిస్తోంది. స్టీరింగు చక్రం రెండు పక్కలా చేతులు పట్టేచోట తోలు నున్నగా మెరుస్తోంది. కొత్త సీటు కవరు కింద పాత స్పాంజి ఎడమ పక్కకు కుంగి ఉంది. అన్నిటికన్నా ముద్దొచ్చింది మాత్రం తలుపు సందులో అంటించిన మెకానిక్ స్టిక్కరు. నీలం పెన్నుతో గుండ్రటి అక్షరాలు: మళ్ళా ఆయిల్ మార్చాల్సింది 1,74,500కి. అమ్మే తమ్ముడికి చూపించాను. రెప్ప కూడా వేయలేదు. 'అది పక్క బండిదన్నా, మా మిస్త్రీ తప్పు అంటిచ్చిండు.' ఆ నోటికి మాత్రం లక్ష ఇవ్వచ్చు, బండికి ఇవ్వలేం.

దీన్ని మోసమంటే అమ్మకందార్లకు కోపం. 'అందరు చేస్తున్నదే గదా.' మోసానికి ఇన్నేళ్ళూ ఐపీసీ 420 ఉండేది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 318 అయింది. ఆ అంకెను కూడా ఎవరో వెనక్కి తిప్పారని మనవాళ్ళు ధైర్యంగా ఉన్నట్టున్నారు. అమెరికాలో మీటరు ముట్టుకోకుండా 1972లోనే ప్రత్యేక చట్టం చేశారు. బ్రిటన్‌లో ఏటేటా ఫిట్‌నెస్ తనిఖీలో మీటరు అంకె రాసిపెడతారు, కొనేవాడెవడైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. మన ప్రభుత్వ యాప్‌లో బండి నంబరు కొడితే ఓనరు ఎన్నోవాడు, బీమా ఎప్పటిదాకా, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా అన్నీ వస్తాయి. ఎంత తిరిగిందో తప్ప.

ఆ లోటును మనకు తెలియకుండానే పంతంగి టోల్ తీర్చింది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక, బండి విజయవాడ రోడ్డులో గేటు దాటిన ప్రతిసారీ తేదీతో సహా ఖాతాలో పడుతోంది. 'ఇంట్లనే ఉంటదన్నా' అన్నవాణ్ని ఫాస్టాగ్ స్టేట్‌మెంటు చూపించమనండి. సగంమందికి అప్పుడే ఫోన్లో చార్జింగ్ అయిపోతుంది.

మీటరును తిప్పకుండా లక్షా ఎనభై వేలు ఒప్పుకునే నిజాయితీపరులూ ఉన్నారు. వాళ్ళ దగ్గర ఇంకో మంత్రం ఉంటుంది: 'అన్నీ హైవే కిలోమీటర్లే.' ఇందులో నిజం లేకపోలేదు. టాప్ గేరులో సాఫీగా పోయిన లక్ష, దిల్‌సుఖ్‌నగర్ సిగ్నళ్ళ మధ్య ఈడ్చిన యాభై వేలకన్నా ఇంజనుకు మేలు. కానీ మన హైవే అంటే ఏ హైవే? సంక్రాంతికి పంతంగి దగ్గర గంటలకొద్దీ ఫస్ట్ గేరులో పాకినప్పుడు మీటరు మీద పడింది ఒకటో రెండో కిలోమీటర్లు. క్లచ్ ప్లేట్ల మీద పడిందెంతో ప్లేట్లకే తెలియాలి.

ఇంతదాకా అమ్మేవాణ్ని తిట్టాను. ఇప్పుడు కొనేవాడి వంతు. అసలు మీటరు వెనక్కి తిప్పించింది ఎవరు? బండి దగ్గరికి పోగానే మనం అడిగే మొదటి మాట 'ఎంత తిరిగింది?' లక్ష దాటిందనగానే వంద వంకలు పెట్టి, సర్వీసు బిల్లులన్నీ ఫైలు కట్టి పెట్టుకున్న నిజం బండిని వదిలేసి, పక్క వీధిలో 68 వేల అబద్ధానికి లక్ష ఎక్కువిచ్చి, బయానా కట్టి, కొబ్బరికాయ కొట్టి తెచ్చుకుంటాం. నిజం చెప్పినవాడికి జరిమానా, అబద్ధానికి బహుమానం. ఇలాగైతే మంచి బండ్లున్నవాళ్ళు అమ్మకమే మానుకుంటారని, సంతలో చెత్త మిగులుతుందని జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్లమీదే వ్యాసం రాశాడు. దాన్ని మూడు పత్రికలు తిప్పి పంపాయి. 1970లో నాలుగోది వేసుకుంది, 2001లో నోబెల్ వచ్చింది. మా చౌటుప్పల్ బ్రోకర్లకు ఈ సిద్ధాంతం అంతకు ముందే తెలుసు. వాళ్ళు వ్యాసం రాయలేదు, కమిషన్ తీసుకున్నారు.

మరి న్యాయమైన రేటు ఎలా కట్టాలి? వెనక్కి కాదు, ముందుకు చూసి. ఇవాళ అలాంటి కొత్త బండి ఆన్‌రోడ్ ఎంతో ముందు కనుక్కోవాలి, తొమ్మిదేళ్ళ కిందటి బిల్లు కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, కొత్తవాటి రేట్లు తగ్గాయి. ఈ కబురు పాత బండి ఓనర్లకు ఇంకా అందలేదు. పెట్రోలు పెరిగిన వార్త మాత్రం ఐదు నిమిషాల్లో అందుతుంది. పాత డీజిల్ స్విఫ్టు, డిజైర్ల వాళ్ళ కథ వేరు. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ మానేసింది కాబట్టి 'ఆ 1248 సీసీ ఇంజన్ మళ్ళ రాదన్నా' అంటారు. ఒప్పుకుంటాను, గట్టి ఇంజనే, గిరాకీ ఉంది. మళ్ళీ రానిదల్లా పురావస్తువు అయిపోదు.

ఇంకో వర్గం బీమా కాగితంలో బండికి కట్టిన విలువ చూపిస్తుంది: 'ఐడీవీ ఇంతుంది, చూసుకో.' బీమా పట్టికలో బండి వయసే ఉంటుంది, తిరిగిన దూరం ఉండదు. ఆరు నెలల్లోపు 5 శాతం తరుగు, అలా పెరుగుతూ నాలుగేళ్ళు దాటి ఐదేళ్ళ లోపైతే 50 శాతం. ఐదేళ్ళు దాటాక? కంపెనీ, ఓనరు కలిసి ఒక మాటకు రావాలంటుంది ఆ పట్టిక. అంటే వాళ్ళూ చేతులెత్తేసినట్టే. తొమ్మిదేళ్ళ బండికి ఆ అంకె పట్టుకుని వాదించడం, బేరానికి బేరమే సాక్ష్యమన్నట్టుంటుంది.

అసలు చూడాల్సింది, కొన్నవాడు వచ్చే ఏడాదిలో పెట్టబోయే ఖర్చు. టైర్లు ఎంత మిగిలున్నాయి, క్లచ్ ఎక్కడ పట్టుకుంటోంది, షాకబ్జర్లు కారుతున్నాయా, పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే పొగ ఏ రంగు. అమ్మేవాడు ముందే బానెట్టు వేడిచేసి పెట్టుకుంటే ఆ పూటకు నమస్కారం పెట్టి మర్నాడు రావాలి. తర్వాత రిజిస్ట్రేషను. సొంత బండికి 15 ఏళ్ళు. ఆపైన ఐదేళ్ళకోసారి రెన్యూవల్. తొమ్మిదేళ్ళ బండికి మిగిలింది ఆరేళ్ళు, దాని రేటు ఆ ఆరేళ్ళదే. ఫైనాన్సు తీరిపోయిందని ఆర్సీలో కొట్టేయించారా చూడాలి. ఢిల్లీ నుంచి చవగ్గా వచ్చిన పదేళ్ళ డీజిలైతే ఎన్వోసీ, ఇక్కడి లైఫ్ టాక్సు కలిపి చూస్తే ఆ చవక ఎక్కడికి పోతుందో మీరే చెబుతారు. ఓనరు గారి నో క్లెయిమ్ బోనసు బండితో రాదు, అది ఆయన జేబులోదే. 'బోనసు 50 శాతం ఉందన్నా' అంటే సంతోషమని చెప్పి ముందుకు సాగండి. ఇవన్నీ తీసేయగా మిగిలిందే రేటు. సర్వీసు బిల్లులు వరసగా ఉంటే మాత్రం నేను బేరమాడను, పైన ఇంకో పది వేలిస్తాను. 1,80,000 అని ధైర్యంగా చెప్పిన నోటికి ఆ మాత్రం విలువ ఉండాలి.

ఇంత తంటాలు పడి రేటు తెగాక జరిగేది చూస్తే నవ్వొస్తుంది. 5,000 కోసం వారం రోజులు మొండికేసిన ఓనరు, పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, ఫారం 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టి, తాళంచెవి చేతిలో పెట్టి, డబ్బు లెక్కపెట్టుకుని పోతాడు. 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలని చట్టంలో ఉందని ఆయనకు ఎవరూ చెప్పరు. చెప్పినా 'బ్రోకర్ చూసుకుంటడు' అంటాడు. యాక్సిడెంటు జరిగితే ఆర్సీలో పేరున్నవాడే ఓనరని, పరిహారం బాధ్యత ఆయనదేనని నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లోనే తేల్చేసింది. బ్రోకరు ఆ బండిని ఇంకొకడికి, వాడు మరొకడికి అమ్ముకుంటూ పోతారు, అవే ఖాళీ ఫారాలతో. మూడు నెలలకు పోచంపల్లిలో ఓనరు గారి ఫోను మోగుతుంది. సూర్యాపేట దగ్గర ఓవర్ స్పీడు, చలానా ఆయన పేరు మీదే. ఫోటో తెరిచి చూస్తే బండి తెల్లగా తళతళలాడుతూ ఉంటుంది, వెనక అద్దం మీద కొడుకు పేరు ఒక్క అక్షరం కూడా చెదరకుండా.