కడుపులో చుక్క లేని నేరం

ఇక తెలుగు మాస్టార్లు ఎర్ర కలాలు మూసేసుకోవచ్చునట. పిల్లాడు రాసిన వ్యాసాన్ని ఫోన్‌లో తప్పులు దిద్దే యాప్‌కు చూపిస్తే చాలు, కడిగిన ముత్యంలా బయటికొస్తుంది. ఆ ముత్యాన్ని పిల్లాడు నోటుబుక్కులోకి ఎక్కిస్తాడు, మాస్టారు టిక్కు పెడతారు, అమ్మానాన్నలు మురిసిపోతారు. ఇందులో ఏమీ నేర్చుకోనిది పిల్లాడొక్కడే కాబట్టి పథకం విజయవంతమైనట్టే లెక్క. అయినా యంత్రాన్ని తిట్టడం అన్యాయం. మన బళ్ళలో ఎప్పటినుంచో జరుగుతున్నదాన్నే అది కాస్త వేగంగా చేస్తోంది. తప్పు కనబడగానే సున్నా చుట్టడం, పైన ఒప్పు రాసేయడం. ఎందుకు తప్పాడన్న ప్రశ్న కలానికీ రాలేదు, యంత్రానికీ రాలేదు. భాష నేర్చుకునేవాడు పదే పదే ఒకే తప్పు చేస్తున్నాడంటే వాడు లోపల ఏదో నియమం కట్టుకున్నాడని అర్థమనీ, బోధించేవాడికి అది పనికొచ్చే ఆధారమనీ పిట్ కోర్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లోనే రాశాడు. ఆ కబురు మనదాకా ఇంకా రాలేదు.

మన ఎర్ర కలానికి అన్నిటికన్నా ప్రియమైన నేరం 'థ' కడుపులో చుక్క లేకపోవడం. పిల్లాడు 'విద్యార్ధి' అని రాశాడా, తెలుగు చచ్చిపోతోందని గుండెలు బాదుకుంటారు. ఇంకొకడు 'విధ్యార్థి' అని రాస్తాడు. ఆ మాటలో ఎక్కడో ఒత్తు ఉందని వాడికి తెలుసు, ఎక్కడో గుర్తులేక ఎందుకైనా మంచిదని రెండుచోట్లా పెట్టాడు. అజ్ఞానం కన్నా అతిజాగ్రత్తే అందులో ఎక్కువ. అసలు ఆ ఒత్తు చెవికి వినబడితే కదా చేతికి వచ్చేది? ఇంట్లోనూ వీధిలోనూ 'బాధ'ను 'బాద' అనేవాళ్ళే ఎక్కువ. చిన్నయసూరి అంతటివాడు 1858 నాటి బాలవ్యాకరణంలో తెలుగుకు వర్ణాలు 36 అని లెక్క తేల్చాడు. ఆ లెక్కలో థ లేదు, ధ లేదు, భ లేదు. అవి సంస్కృతం మాటలతో పాటు వచ్చి చేరినవి. చెవి సాయం చేయనిచోట కళ్ళకు అలవాటు చేయాలి. అర్థం, స్వార్థం, పదార్థం, విద్యార్థి అన్నీ ఒక్క ఇంటివేనని పక్కపక్కన పెట్టి చూపించాలి.

ఈలోగా 'ప్రాధమిక పాఠశాల' అని బోర్డు పెట్టుకున్న బళ్ళు ఎన్ని లేవు! ప్రథమం నుంచి వచ్చిన ప్రాథమికానికి బడి నెత్తి మీదే చుక్క గల్లంతు. రంగు వెలిసినప్పుడల్లా పెయింటర్‌ను పిలిచి ఆ తప్పునే కొత్త రంగుతో మరింత మెరిపిస్తారు. ఆ బోర్డు కిందినుంచే రోజూ లోపలికి నడిచే పిల్లాడి పుస్తకంలో మాత్రం చుక్క తగ్గిందో, సున్నా తప్పదు.

ఈ చుక్కల వేటలో అసలైన వాక్యదోషం దర్జాగా తప్పించుకుపోతుంది. 'నేను బడికి వెళ్ళి మాస్టారు పాఠం చెప్పారు' అని రాస్తాడు పిల్లాడు. అక్షరదోషం లేదు కాబట్టి కలం ముందుకెళ్ళిపోతుంది. వెళ్ళింది ఒకరు, చెప్పింది మరొకరు. రెండు పనులకూ కర్త ఒకరైతేనే 'వెళ్ళి' నిలుస్తుంది, ఇక్కడ 'వెళ్ళాక' కావాలి. ఇలా చెబితే బుర్రున్న పిల్లాడు ఊరుకోడు. 'వానలు పడి చెరువులు నిండాయి' అంటాం కదా అని ఎదురడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. ఎవరూ పూనుకుని చేయని పనులై, మొదటిది రెండోదానికి కారణమైతే భాష ఈ సడలింపు ఇస్తుంది. సడలింపును వాడు చెవితో పట్టుకున్నాడు, దాని హద్దే తెలియలేదు. ఒక పీరియడంతా మాట్లాడుకోదగ్గ సంగతి ఇది. ఏ సున్నాలో పడుతుంది?

ఇక తెలంగాణ పిల్లాడు 'మా నాయిన వచ్చిండు' అని రాస్తే దాన్ని కొట్టేసి 'వచ్చాడు' అని దిద్దుతారు చూడండి, అక్కడ నాకు వ్యంగ్యం కుదరదు. అది తప్పు కాదు. వచ్చిండు, పోయిండు, చెప్పిండు అని అదే క్రమంలో కోట్లమంది నోట నడిచే రూపం. వాడు తన ఇంటి వ్యాకరణాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. పరీక్షలో మరో రూపం కావాలంటే 'ఇక్కడ ఇలా రాయాలి' అని చెప్పండి, నేర్చుకుంటాడు. తప్పుల జాబితాలో వేశారంటే మాత్రం మీ అమ్మానాన్నలకు మాట్లాడటం రాదని వాడి మొహాన చెప్పినట్టే. ఇంత అహంకారం ఏ వ్యాకరణంలోనూ లేదు. వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి పోరాడింది ఇలాంటి అహంకారం మీదే. నోట ఆడని భాషలో రాయమంటే ఎవరికైనా తప్పులు రాక తప్పవని చెప్పి ఆగలేదాయన, గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతల్లోంచే గ్రాంథిక దోషాలు ఏరి చూపించాడు. మనవాళ్ళు ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న పటానికి దండ వేసి, 30న 'వచ్చిండు'కు సున్నా చుడతారు.

తప్పుల్ని వదిలేయమంటారా, మార్కులు ఎవరిస్తారు అంటారు. వదిలేయమనలేదు. అన్నీ ఒక్కసారే దిద్దితే ఏదీ దిద్దినట్టు కాదంటున్నాను. రెండో భాషలో రాసేవాళ్ళకు వ్యాకరణ దిద్దుబాట్లే దండగని జాన్ ట్రస్కాట్ అనే పరిశోధకుడు 1996లో వాదిస్తే, ఎంచుకుని స్పష్టంగా దిద్దితే మేలు ఉంటుందని డానా ఫెరిస్ 1999లో ఎదురు చెప్పింది. పేజీ అంతా ఎర్రగా చేయమని ఇద్దరిలో ఎవరూ అనలేదు. తరగతి నిండా పుస్తకాలున్న మాస్టారికి తీరికెక్కడిదంటారా? సున్నాలకు దొరికిన తీరికే చాలు. ఈ వారం 'వెళ్ళి', 'వచ్చి'ల సంగతి ఒక్కటే చూస్తానని చెప్పి, తప్పు దగ్గర గీత గీసి, వాక్యాన్ని పిల్లాడి చేతే తిరగరాయించొచ్చు. ఫోన్‌కూ పని ఉంది. ఒప్పు రాసివ్వడం మానేసి, తరగతిలో ఎక్కువమంది ఎక్కడ తడబడుతున్నారో మాస్టారికి చెప్పమనండి. అలాంటిది అమ్ముడుపోదు లెండి. పిల్లాడి పుస్తకంలో కొన్నాళ్ళు తప్పులు కనిపిస్తూనే ఉంటాయి, ఫీజు కట్టినవాళ్ళు ఊరుకోరు.