ఒక ముందుచక్రపు ఆత్మకథ

నన్ను నియోబోల్ట్ అందురు. ఒక చక్రము, ఒక చేతిపిడి, ఒక లిథియం బ్యాటరీ: ఇంతియే నా శరీరము. చక్రాల కుర్చీకి ముందువైపున నన్ను తగిలించినంతనే, అంతవరకు వసారా దాటి యెరుగని యా కుర్చీ రహదారిపై నడచు మూడుచక్రముల బండి యగును. మద్రాసు ఐ.ఐ.టి.లోని టి.టి.కె. పునరావాస పరిశోధన కేంద్రమున ఆచార్య సుజాతా శ్రీనివాసన్ గారి నేతృత్వమున నేను రూపొందితిని; ఆ విద్యాలయమునుండియే వెలసిన నియోమోషన్ సంస్థ 2021లో నన్ను లోకమునకు పరిచయము చేసెను. గంటకు 25 కిలోమీటర్లు నా వేగమునకు హద్దు. ఒకమారు ఛార్జి చేసినచో 25 కిలోమీటర్ల వరకు పోగలను.

నేను చేరినది తిరుత్తణి. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమున కలియువరకు చిత్తూరు జిల్లాలో నుండిన యీ యూర నేటికిని తెలుగు వినబడుచునే యున్నది. నా యజమాని యొక వృద్ధుడు. యౌవనమంతయు మగ్గముపై గడపి, మిద్దెపైనుండి పడి వెన్నుపూస దెబ్బతిని, నడక కోల్పోయినవాడు. ఆయన వీధి మలుపు దాటవలెనన్న కొడుకు ఆనాటి కూలి మానుకొనవలసి వచ్చెడిది. నేను వచ్చిన పిమ్మట ఒకనాడు మనుమరాలు "యాడికి పోతా ఉండావు తాతా?" అని యడుగగా, "బజారుకు మ్మా, నేనే పొయ్యొస్తా" అని యాయన బదులు పలికినపుడు నా జన్మము సార్థకమైనదని తలచితిని.

అయినను నా శక్తికి మేర యున్నది. సుబ్రహ్మణ్యస్వామి కొండకు గల 365 మెట్లను నేనెక్కజాలను; వాహనములు పోవు దారి యొకటి యుండుటచేతనే నావంటివారికి స్వామి సన్నిధి చేరు ఆశ మిగిలినది. జిల్లా కేంద్రమైన తిరువళ్లూరు రమారమి 40 కిలోమీటర్ల దూరము. కలెక్టరు కార్యాలయమును, ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రియు నచ్చటనే యున్నవి. అనగా వికలాంగులు తప్పక పోవలసిన చోట్లే నా ఒక్క ఛార్జికి అందని దూరమున నున్నవి. బస్సెక్కవలసిన దినమున నన్ను విడదీసి, కుర్చీని వేరుచేసి, ఆ పెద్దమనిషిని బియ్యపు మూటవలె నిరువురెత్తి లోపల కూర్చుండబెట్టిరి. ఆయన యెవరినిని నిందింపలేదు. తల మాత్రము వంచుకొనెను. సాధారణ బస్సులలో వికలాంగులు టికెట్టు వెల చెల్లింపకయే పోవచ్చునను సదుపాయము తమిళనాట 2021 నుండి యున్నది. అది మంచిదే, కాని మెట్టెక్కలేనివానికి టికెట్టు మాఫీ యొక్కటియే దారి చూపునా?

మార్గము తెలియనిది కాదు. నేలకు తగ్గి వంగి, వాలుపలకను చాచి చక్రాల కుర్చీని తిన్నగా లోనికి గొనిపోగల తక్కువ యెత్తు బస్సులు 2024 నుండి చెన్నై వీధులలో తిరుగుచున్నవి. ప్రయాణ సాధనములన్నియు వికలాంగులకు అందుబాటులో నుండవలెనని 2016 నాటి చట్టము ఘోషించుచున్నది. గడపనుండి బస్సువరకు నేను గొనిపోగలను. అచ్చటనుండి బస్సు గొనిపోవలెను. దిగినచోట మరల నేనందుకొనవలెను. ఈ మూటిలో నొక్కటి తప్పినను తక్కిన రెండును వ్యర్థములు.

కనుక పాలకులారా, తిరుత్తణి తిరువళ్లూరు దారిలో నట్టి బస్సులను నడుపుడు. అవి వచ్చు వేళను ముందుగా ఫోనులో తెలియజేయుడు. బస్సుస్టాండులలో వాలుదారులు కట్టుడు. పాఠకులారా, మీ యూరిలో నవి లేనిచో, మీ పెద్దలకొఱకు మీరే యడుగుడు.